వీర్యంలో బ్యాక్టీరియా: నేరం ఎంత, నింద ఎంత

పెళ్లయి రెండేళ్లు దాటినా పిల్లలు పుట్టకపోతే మన ఇళ్లలో ముందుగా ఆసుపత్రి మెట్లెక్కేది భార్య. రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భాశయ నాళాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే, అన్నీ అయ్యాక డాక్టరమ్మ "మీవారిని కూడా ఒకసారి రమ్మనండి" అంటుంది. ఆయన వస్తారు. బిడియపడుతూనే చిన్న డబ్బాలో వీర్యం శాంపిల్ ఇస్తారు. సాయంత్రానికి ఒక కాగితం చేతికొస్తుంది. కణాల సంఖ్య, కదలిక, ఆకారం అంటూ సాగే ఆ కాగితంలో కిందెక్కడో ఒక వరుస: "పస్ సెల్స్ 6–8". కొందరికి దాంతోపాటు కల్చర్ రిపోర్టు, అందులో నోరు తిరగని ఒక బ్యాక్టీరియా పేరు. ఇంటికెళ్లే దారిలోనే ఫోన్లో వెతుకులాట మొదలవుతుంది. పస్ అంటే చీము, చీము ఉందంటే రోగం, అక్కడ రోగం ఉందంటే ఈయన ఎక్కడో తప్పు చేశాడు. అనుమానం ఇలా మెట్టు మీద మెట్టు ఎక్కుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

ఆ ఒక్క వరుస గురించే ఈ వ్యాసం. వీర్యంలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. అదే సమయంలో, కొన్ని బ్యాక్టీరియాలు నిజంగానే మగవాడి సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి, అదీ ఒక్కోసారి చిన్న నొప్పి కూడా లేకుండా. ఈ రెండింటికీ తేడా తెలియక, అవసరం లేనివాళ్లు కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్స్ మింగుతున్నారు. అవసరమున్నవాళ్లు సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోతున్నారు.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మన భాషలో గొడ్రాలు అనే మాట ఉంది. దానికి జోడీగా మగవాడికి వాడే మాట జనం నోట్లో లేదు. కొందరు నపుంసకుడు అంటారు, అది అర్థంలోనే పొరపాటు. అంగస్తంభన వేరు, వీర్యకణాల ఆరోగ్యం వేరు. దాంపత్య సుఖంలో ఏ లోటూ లేని మగవాడి వీర్యంలో ఒక్క కణం కూడా ఉండకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. అలాంటి జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది, అది ఒక్కటే కావచ్చు, భార్య వైపు కారణంతో కలిసి కావచ్చు. అంటే పరీక్షలు మొదటిరోజే ఇద్దరికీ జరగాలి. అందులో అవమానం ఏమీ లేదు.

ఇక అసలు విషయం. వీర్యం మొత్తం వృషణాల్లోనే తయారవుతుందని చాలామంది అనుకుంటారు. వృషణాల నుంచి వచ్చేది వీర్యకణాలు, వాటితోపాటు చాలా కొద్దిగా ద్రవం. మొత్తం పరిమాణంలో అది నూటికి ఐదు పాళ్లకు మించదు. దాదాపు మూడింట రెండు వంతుల ద్రవం మూత్రాశయం వెనక ఉండే శుక్రాశయాలనే జంట సంచుల నుంచి వస్తుంది, మిగిలింది ప్రధానంగా ప్రోస్టేట్ గ్రంథి నుంచి. వృషణంలో పుట్టిన కణం నేరుగా బయటికి రాదు. వృషణానికి వెనక అతుక్కుని ఎపిడిడిమిస్ అనే గొట్టం ఉంటుంది. చేత్తో తడిమితే చిన్న ముద్దలా తగులుతుంది గానీ, చుట్టలు విప్పి చాపితే అది సుమారు ఆరు మీటర్ల పొడవు. వీర్యకణం ఈదడం నేర్చుకునేది అక్కడే. ఈ ఆరు మీటర్ల గొట్టం గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

చివరి మజిలీ మూత్రనాళం. మగవాడిలో మూత్రానికీ వీర్యానికీ దారి ఒక్కటే. ఆ దారి చివరి భాగంలో, చర్మానికి దగ్గరగా, ఆరోగ్యవంతులకు కూడా ఎప్పుడూ బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. మన చేతి మీద, ముక్కులో ఉన్నట్టే. బావిలో నీళ్లు ఎంత తేటగా ఉన్నా, చేద అంచున ఉన్న మట్టి కాస్త నీళ్లలోకి దిగుతుంది కదా, అలాగే లోపల శుభ్రంగా తయారైన వీర్యం కూడా బయటికొచ్చే దారిలో కొన్ని సూక్ష్మజీవుల్ని వెంట తెచ్చుకుంటుంది. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, కొరినేబ్యాక్టీరియం లాంటి పేర్లు కల్చర్ రిపోర్టులో తక్కువ సంఖ్యలో కనిపిస్తే చాలాసార్లు కథ ఇంతే. శాంపిల్ ఇచ్చేముందు చేతులూ అంగమూ సబ్బుతో కడగకపోయినా, మూత్రం పోసి రాకపోయినా ఈ పేర్లు ఇంకా పెరుగుతాయి. ఈ చిన్న జాగ్రత్తను ల్యాబులో ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. చాలాచోట్ల డబ్బా చేతికిచ్చి గది చూపిస్తారు, అంతే.

ల్యాబులో గాజు పళ్లెంలో పెంచి చూసే కల్చర్ పద్ధతికి కొన్ని బ్యాక్టీరియాలే లొంగుతాయి. అక్కడ పెరగనివి ఎన్నో ఉన్నాయి. గత పది పదిహేనేళ్లుగా బ్యాక్టీరియా జన్యువుల్ని చదివే పద్ధతులు వచ్చాక, వీర్యంలో సూక్ష్మజీవులు అరుదుగా కాదు, మామూలుగానే ఉంటాయని తేలింది. పిల్లలున్న మగవాళ్ల వీర్యంలోనూ ఉంటాయి. అప్పటినుంచి పరిశోధకుల ప్రశ్న మారింది. బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది పోయి, ఏవి ఎక్కువున్నాయి, ఏవి తగ్గాయి అన్నది వచ్చింది. లాక్టోబాసిలస్ జాతి ఎక్కువగా ఉన్న శాంపిళ్లలో వీర్యం నాణ్యత మెరుగ్గా ఉందని 2014లో తైవాన్ పరిశోధకులు చూశారు. లాక్టోబాసిలస్ అంటే మన పెరుగు తోడుకోవడానికి కారణమైన బ్యాక్టీరియాలకు దగ్గరి చుట్టమే. అయితే మంచిదని ముద్ర వేసేద్దామా అనుకునేలోపు, లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 2024లో ఇంకో సంగతి చెప్పింది. వాళ్లు 73 మంది మగవాళ్ల వీర్యాన్ని చూశారు. అదే లాక్టోబాసిలస్ కుటుంబంలోని ఐనర్స్ అనే రకం, కదలిక సరిగా లేని శాంపిళ్లలో ఎక్కువగా కనిపించింది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములందరి గుణం ఒకటి కానట్టే ఇదీ.

ఇక్కడ నాదొక విన్నపం. ఇలాంటి అధ్యయనాలు రెండు విషయాలు ఒకేచోట కనిపించాయని చెబుతాయి, ఒకదాని వల్ల రెండోది జరిగిందని కాదు. బ్యాక్టీరియా వల్ల కదలిక తగ్గిందా, కదలిక తగ్గిన వీర్యంలో ఆ బ్యాక్టీరియాకు చోటు దొరికిందా, లేక రెండింటికీ వేరే కారణమేదైనా ఉందా అన్నది ఇంకా తేలాలి. అందుకని వీర్యం బాగుపరిచే ప్రోబయాటిక్స్ అంటూ వేలకు వేలు గుంజే ప్రకటనలు చూసినప్పుడు దయచేసి ఆగండి.

మరి బ్యాక్టీరియా నిజంగా హాని చేసినప్పుడు ఎలా చేస్తుంది? ప్రయోగశాలలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించింది ఈ.కోలై పని. మూత్రంలో మంట పుట్టించే, మన పేగుల్లో ఉండే అదే ఈ.కోలై. దాని ఒంటిమీద నూగులాంటి సన్నని తంతువులుంటాయి. వాటితో అది వీర్యకణాన్ని పట్టుకుంటుంది. అలా పట్టుబడిన కణాలు ఒకదానికొకటి అంటుకుని గుత్తులవుతాయి. పరుగెత్తాల్సినవి ఉన్నచోటే కొట్టుకుంటాయి. అయితే ఇది జరగాలంటే బ్యాక్టీరియా పెద్ద సంఖ్యలో ఉండాలి, ఒకటీ అరా ఉంటే కాదు.

రెండో దారిలో జరిగే నష్టానికి చేతులు మన శరీరానివే. ఇన్ఫెక్షన్ సోకితే తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి, శత్రువును చంపడానికి చురుకైన ఆక్సిజన్ రసాయనాల్ని చిమ్ముతాయి. పురుగుకు కొట్టిన మందు మోతాదు మించితే పైరే మాడిపోతుందని రైతుకు తెలుసు. వీర్యకణం పరిస్థితి సరిగ్గా అదే. దాని పొర త్వరగా పాడయ్యే కొవ్వులతో నిండి ఉంటుంది. పైగా వేగం కోసం అది తన సరంజామా అంతా వదిలించుకున్న కణం, దెబ్బతింటే మరమ్మతు చేసుకునే సామగ్రి దాని దగ్గర దాదాపు ఉండదు. ఆక్సిజన్ ఎక్కువైతే వీర్యకణాల కదలిక పడిపోతుందని జాన్ మెక్లియోడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1943లోనే చూపించారు. ఈ రసాయన దాడిలో పొర మాత్రమే కాదు, లోపలున్న డీఎన్‌ఏ కూడా తెగుతుంది.

మూడోది అన్నిటికంటే కఠినమైనది, దారి మూసుకుపోవడం. ఆ ఆరు మీటర్ల గొట్టం దగ్గరికి మళ్లీ వచ్చాం. అది ఒకే ఒక్క దారి, పక్కదారి లేదు. ఇన్ఫెక్షన్ మానేటప్పుడు ఎక్కడైనా ఒకచోట మచ్చకట్టి పూడుకుపోతే, అటువైపు వృషణం కణాల్ని తయారుచేస్తున్నా అవి బయటికి రావు. రెండువైపులా అలా జరిగితే వీర్యంలో కణాల సంఖ్య సున్నా. పెద్దవాళ్లు సెగ అని పిలిచిన గనేరియా, యాంటీబయాటిక్స్ రాని రోజుల్లో ఎంతోమందిని ఇలా సంతానహీనుల్ని చేసింది. సెగకు కనీసం మంట ఉంటుంది, చీము కారుతుంది, మనిషి డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాడు. క్లమీడియా అలా కాదు. చాలామంది మగవాళ్లలో అది సడీచప్పుడూ లేకుండా ఉండిపోతుంది. కల్చర్ పళ్లెంలో మామూలుగా పెరగదు కూడా, దానికి జన్యుపరీక్ష కావాలి. మగవాడి కంటే అతని భార్యకు అది చేసే నష్టం ఎక్కువ, గర్భాశయ నాళాల్నే మూసేస్తుంది.

వృషణం వైపు ఉన్నట్టుండి వాపు, నొప్పి, జ్వరం వస్తే అది ఎపిడిడిమిస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. సుమారు 35 ఏళ్ల లోపువారిలో ఎక్కువగా క్లమీడియా, గనేరియా కారణమైతే, ఆ వయసు దాటినవారిలో ఈ.కోలై లాంటి మూత్ర సంబంధ బ్యాక్టీరియాలు. ఆ నొప్పిని బరువులెత్తడం వల్ల అనుకుని వారం రోజులు కాపడం పెట్టుకుంటూ కూర్చోవద్దు. కుర్రవాళ్లలో అలాంటి నొప్పే వృషణం మెలిపడటం వల్ల కూడా వస్తుంది, అప్పుడు గంటల లెక్కన వృషణం పోతుంది.

మన దేశంలో ఇంకొక దాన్ని మరచిపోకూడదు: క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మంది భారతీయులే. క్షయ అనగానే ఊపిరితిత్తులు, దగ్గు అనుకుంటాం గానీ, ఆ క్రిమి రక్తం వెంట వెళ్లి ఎపిడిడిమిస్‌లోనూ ప్రోస్టేట్‌లోనూ స్థిరపడగలదు. నొప్పిలేని గట్టి గడ్డ, వృషణం సంచి మీద ఎంతకీ మానని రంధ్రం, తడిమితే పూసలదండలా తగిలే వీర్యవాహిక, ఇవి దాని గుర్తులు. వీర్యం పరిమాణం బాగా తగ్గిపోవడం, కణాలు అసలే లేకపోవడం కూడా గుర్తులు కావచ్చు. కల్చర్‌లో ఏమీ పెరగదు, ఎందుకంటే మామూలు కల్చర్ క్షయ క్రిమిని పట్టదు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, క్రిమి చస్తుంది. కానీ మచ్చకట్టిన గొట్టం తిరిగి తెరుచుకోవడం అరుదు. అంతమాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. వృషణంలో కణాలు తయారవుతూనే ఉంటే, సూదితో వాటిని తీసి, ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించే ఇక్సీ పద్ధతి ఉంది. దాంతో మొదటి పిల్లలు పుట్టిన సంగతిని బ్రస్సెల్స్ డాక్టర్లు 1992లో ప్రకటించారు.

ఇప్పుడు ఆ మొదటి కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుందాం. "పస్ సెల్స్ 6–8". మామూలు మైక్రోస్కోపులో చూసినప్పుడు తెల్లరక్తకణాలు గుండ్రంగా కనిపిస్తాయి. ఇంకా ఎదగని, తోక మొలవని పసి వీర్యకణాలు కూడా గుండ్రంగానే కనిపిస్తాయి! రెండింటినీ కంటితో విడదీయడం కష్టం. వాటిని వేరుచేయడానికి పెరాక్సిడేజ్ అనే రంగు పరీక్ష ఉంది. దాంట్లో రంగు తేలిన తెల్లకణాలు మిల్లీలీటరుకు 10 లక్షలు దాటితేనే ఎక్కువున్నట్టు లెక్క. ఈ పరీక్ష చేయకుండా గుండ్రని కణాలన్నిటినీ చీము ఖాతాలో రాసేస్తే, లేని ఇన్ఫెక్షన్‌కు మందులు మొదలవుతాయి. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఎదుగుతున్న వీర్యకణాన్ని చీము అని పిలిచి, దాన్ని చంపడానికి మందు రాస్తున్నాం.

ఇలాంటి పొరపాటు మొట్టమొదటి రోజే జరిగింది. 1677లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. తన చేత్తో అరగదీసిన కటకాలతో అంతకుముందే బ్యాక్టీరియాను చూసినవాడు. యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి ఒకరోజు అతని దగ్గరికి సెగవ్యాధి ఉన్న ఒక మనిషి వీర్యాన్ని తెచ్చాడు. అందులో తోకలతో కదులుతున్న జీవాలు కనబడ్డాయి. రోగం వల్ల కుళ్లి పుట్టిన పురుగులనుకున్నాడు హామ్. లేవెన్‌హుక్ అక్కడితో ఆగలేదు. ఏ రోగమూ లేని తన వీర్యాన్ని కూడా పరీక్షించి చూశాడు. అక్కడా అవే. అలా తేలింది అవి రోగం పుట్టించిన పురుగులు కావని. ఆరోగ్యవంతుడి శాంపిల్‌తో పోల్చి చూడటం అనే ఆ చిన్న పని మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా మనకు పాఠమే.

కల్చర్ రిపోర్టు విషయంలోనూ పేరు కంటే సంఖ్య, సందర్భం ముఖ్యం. ఈ.కోలై, ఎంటెరోకాకస్ లాంటి మూత్ర సంబంధ బ్యాక్టీరియాలు మిల్లీలీటరుకు వెయ్యికి పైగా పెరిగితే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. తెల్లకణాలు కూడా ఎక్కువుండి, మూత్రంలో మంటో, స్ఖలనంలో నొప్పో, ప్రోస్టేట్ ఇబ్బందో తోడైతే వైద్యం తప్పనిసరి. యూరియాప్లాస్మా అనే పేరు మన రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. అది ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఉండేదే. ఏ బాధా లేనివాళ్లకు దానికోసం మూకుమ్మడిగా పరీక్షలు చేయడమే వద్దని యూరప్‌లో లైంగిక వ్యాధుల నిపుణులు 2018లో స్పష్టంగా చెప్పారు.

మందుల మాట. ఇన్ఫెక్షన్ ఖాయమైతే సరైన యాంటీబయాటిక్, సరైన రోజులు, మధ్యలో ఆపకుండా వాడాలి. లైంగికంగా సోకేదైతే భార్యాభర్తలిద్దరూ ఒకేసారి వాడాలి, పూర్తయ్యేదాకా కలవకూడదు. ఒకరే వాడితే రెండోవారి నుంచి మళ్లీ అంటుకుంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అనే గది ఉంటుంది. ఈ జబ్బులకు అక్కడ పరీక్షా మందూ ఉచితం, వివరాలు గోప్యం. అయితే ఇంకో నిజం కూడా చెప్పాలి. ప్రోస్టేట్, శుక్రాశయాల లాంటి వీర్యగ్రంథుల ఇన్ఫెక్షన్‌కు మందు వాడితే వీర్యం నాణ్యత మెరుగుపడవచ్చు గానీ, దానివల్ల గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందని గట్టి రుజువు లేదు. యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు ఈ మాటే అంటాయి. అంటే ఇన్ఫెక్షన్‌ను తగ్గించడం ఒక పని, సంతానం కోసం ప్రయత్నం ఇంకో పని, మొదటిదే రెండోది అనుకోకూడదు. రిపోర్టులో ఏ గుర్తూ లేకుండానే 'ఎందుకైనా మంచిది' అంటూ మూడు నాలుగు కోర్సులు రాసే అలవాటు నాకు అస్సలు నచ్చదు. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం మందులు కండర స్నాయువుల్ని దెబ్బతీయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే నల్లపెట్టె హెచ్చరిక, అంటే మందు కాగితంపై పెట్టే అత్యంత తీవ్రమైన హెచ్చరిక, పెట్టింది. అనవసరంగా వాడిన ప్రతి కోర్సూ మొండి బ్యాక్టీరియాను పెంచుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం కాలం. ఇక్కడ ఏడాది గడిస్తే, అక్కడ భార్య వయసూ ఏడాది పెరుగుతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. చాలాసార్లు అసలు కారణం వేరేచోట ఉంటుంది. వృషణం చుట్టూ ఉబ్బిన సిరలు, హార్మోన్ల తేడా, పొగాకు, అధిక బరువు, వై క్రోమోజోములో లోపం. ఈ చివరిదాని మీద హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది.

రిపోర్టులోని అంకెల గురించి కూడా కాస్త. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్‌లో మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు, 42 శాతం కదలిక, 4 శాతం సరైన ఆకారం అని కింది గీతలు ఉన్నాయి. ఆ గీతలు ఎలా వచ్చాయంటే, ఏడాదిలోపే భార్య గర్భం దాల్చిన మగవాళ్ల వీర్యాన్ని చూసి, వాళ్లలో అట్టడుగు 5 శాతం దగ్గర గీశారు. అంటే గీతకు కింద ఉన్నవాళ్లలోనూ తండ్రులయినవాళ్లున్నారు. 4 శాతం అన్న అంకె చూసి తనలో 96 శాతం పాడైపోయిందని కుమిలిపోయే యువకులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఒక్క శాంపిల్‌తో తీర్పు వద్దు. రెండు నుంచి ఏడు రోజులు విరామం ఇచ్చి, చేతులూ అంగమూ కడుక్కుని, మూత్రం పోసి, ల్యాబు ఇచ్చిన శుభ్రమైన డబ్బాలోనే శాంపిల్ ఇవ్వాలి. మామూలు కండోమ్ వాడకూడదు, సబ్బు, లాలాజలం, నూనె తగలకూడదు. ఇంట్లో తీస్తే ఒంటికి దగ్గరగా పెట్టుకుని, వీలైతే అరగంటలో, ఎట్టి పరిస్థితుల్లోనూ గంట దాటకుండా ల్యాబుకు చేర్చాలి. ఇన్ఫెక్షన్‌కు మందు వాడిన తర్వాత రెండో పరీక్షకు తొందరపడి పది రోజుల్లోనే వెళ్లేవాళ్లున్నారు. వృషణంలో ఒక కణం తయారుకావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది, ఆ తర్వాత ఎపిడిడిమిస్‌లో ఒకటి రెండు వారాల ప్రయాణం. పది రోజులకు డబ్బాలో చేరేవి మందు మొదలుకాకముందే, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పుట్టిన కణాలు. మందుకు ఫలితం చూడాలంటే క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాతి తారీఖుకు గుర్తు పెట్టుకుని, ఆరోజు ఇద్దరూ కలిసి వెళ్లండి.